ఒకే సీ డ్రైవ్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లో డీ డ్రైవ్ చేసుకోవడం ఎలా?

కొత్త ల్యాప్‌టాప్ ఆన్ చేసి 'దిస్ పీసీ' తెరిస్తే చాలావాటిలో సీ డ్రైవ్ ఒక్కటే ఉంటుంది. డబ్బా మీద 512 జీబీ అని రాసి ఉంటుంది, తెర మీద మాత్రం 475 దగ్గరే ఆగిపోతుంది. ఇందులో మోసమేమీ లేదు. డిస్క్ తయారుచేసేవాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లని లెక్కేస్తారు, విండోస్ లెక్కలో జీబీ అంటే 107 కోట్ల పైచిలుకు. అందుకే 256 జీబీ డిస్క్ 238గా, 512 జీబీది 476గా, 1 టీబీది 931గా కనిపిస్తాయి. అందులోంచి మళ్లీ కొంత, పైకి కనిపించని చిన్న చిన్న పార్టిషన్లకు, అంటే డిస్క్‌ను విడగొట్టిన ముక్కలకు పోతుంది.

ఆ ఒక్క సీ డ్రైవ్‌లోనే విండోస్, సాఫ్ట్‌వేర్లు, పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, షాపు లెక్కలు అన్నీ కలిసి ఉంటే వచ్చే ఇబ్బంది విండోస్ మొరాయించిన రోజు తెలుస్తుంది. రిపేరు షాపుకు తీసుకెళ్తే 'ఫార్మాట్ కొట్టాలి' అంటారు. అంటే సీ డ్రైవ్ మొత్తం తుడిచేసి విండోస్ మళ్లీ వేస్తారు. మన ఫైళ్లు డీ డ్రైవ్‌లో ఉంటే ఆ తుడుపు వాటిదాకా రాదు. ఇంట్లో, చిన్న ఆఫీసులో వాడే కంప్యూటర్‌కు పార్టిషన్ చేయడానికి ఇదే అసలు కారణం. స్పీడు పెరుగుతుందనుకుని చేయకండి, ఎస్‌ఎస్‌డీలో (తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్క్‌లో) దానివల్ల ఏ తేడా రాదు.

డీ డ్రైవ్ ఉంది కదా అని దాన్ని బ్యాకప్ అనుకోకండి. సీ, డీ రెండూ ఒకే డిస్క్‌లో అడ్డుగోడ కట్టిన రెండు గదులు. డిస్క్ పాడైతే రెండూ పోతాయి. ల్యాప్‌టాప్ దొంగల పాలైనా అంతే. పోకూడని ఫైళ్లకు బయట ఇంకో కాపీ ఎప్పుడూ ఉండాల్సిందే.

ఎంతెంత పెట్టుకోవాలి?

256 జీబీ డిస్క్‌ను విడగొట్టకండి. చూపించే 238 జీబీని రెండు ముక్కలు చేస్తే ఏ ముక్కా చాలదు. బయటి హార్డ్ డిస్క్ ఒకటి కొనుక్కోవడమే మంచిది.

512 జీబీ అయితే సీకి 175 నుంచి 200 జీబీ ఉంచి మిగతాది డీకి ఇవ్వండి. 1 టీబీ అయితే సీకి 250 నుంచి 300. విండోస్ 11కు 64 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది కానీ అది ఇన్‌స్టాల్ కావడానికి కావలసిన కనీసం. విండోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే పెద్ద అప్‌డేట్ పాతదాన్ని 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డర్‌లో పది రోజులు అట్టే పెడుతుంది, అప్పుడు సీలో చోటు ఒక్కసారిగా తగ్గిపోతుంది. పైగా వాట్సాప్, బ్రౌజర్లు, మెయిల్ ఇవన్నీ తమ డేటాను మనల్ని అడక్కుండా సీలోనే పోగేస్తాయి. ఆండ్రాయిడ్ స్టూడియో, వర్చువల్ మెషీన్లు, వీడియో ఎడిటింగ్ ఉన్నవాళ్లు పైన చెప్పినదానికి ఇంకో 100 జీబీ కలుపుకోవాలి.

ఏది ఎక్కువ ఇవ్వాలో తేలకపోతే సీకే ఎక్కువ ఇవ్వండి. సీ నుంచి ఇంకాస్త కోసి డీకి ఇవ్వాలన్నా, డీ నుంచి తీసి సీకి ఇవ్వాలన్నా తర్వాత తిప్పలే. కానీ సీ నిండి ఎర్ర గీత పడితే అప్‌డేట్లు ఆగిపోతాయి, మొత్తం కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. డీ నిండితే కొన్ని ఫైళ్లు బయటి డిస్క్‌లోకి మారిస్తే సరిపోతుంది.

రెండు డ్రైవ్‌లు చాలు. 80 జీబీ డెస్క్‌టాప్‌ల కాలంలో సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు చేసి ఒకదాంట్లో పాటలు, ఒకదాంట్లో సినిమాలు పెట్టుకునేవాళ్లు. ఆ అలవాటు ఇంకా చాలామందిని వదల్లేదు. నాలుగు ముక్కలు చేస్తే ఒకటి నిండి ఏడుస్తుంటుంది, ఇంకోదాంట్లో 60 జీబీ ఊరికే పడి ఉంటుంది. పాటలకు, సినిమాలకు ఫోల్డర్లు సరిపోతాయి.

మొదలుపెట్టే ముందు

డేటా బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. విండోస్ సొంత టూల్‌తో చేసే పని చాలావరకు సురక్షితమే, కానీ మధ్యలో కరెంటు పోతే ఎవరూ పూచీ ఉండలేరు. ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టి ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ పని చేస్తోందని నిర్ధారించుకుని మొదలుపెట్టండి. బ్యాటరీ పోయిన యూపీఎస్ ఉన్నా లేనట్టే.

రెండోది బిట్‌లాకర్, అంటే కీ లేనిదే డిస్క్‌లో ఉన్నది ఎవరూ చదవలేకుండా తాళం వేసే (ఎన్‌క్రిప్ట్ చేసే) విండోస్ ఏర్పాటు. ఈ మధ్య వస్తున్న విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయిపోతోంది. చాలామందికి ఆ సంగతే తెలియదు. సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' లోపల 'డివైస్ ఎన్‌క్రిప్షన్' చూడండి. ఆన్‌లో ఉంటే, 48 అంకెల రికవరీ కీని మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలోంచి తీసి కాగితం మీద రాసుకోండి. ఫొటో తీసి అదే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే లాభం లేదు. ఏదైనా తేడా వచ్చి బూట్ అయ్యేటప్పుడు నీలం తెర మీద ఆ కీ అడిగితే, అది లేకుండా లోపలి ఫైళ్లు తెరిచే దారి లేదు. సీని తగ్గించడానికి దాన్ని ఆఫ్ చేయక్కర్లేదు, విండోస్ టూల్ బిట్‌లాకర్ ఉన్నా పని చేస్తుంది. వేరే కంపెనీల పార్టిషన్ టూల్స్ వాడేటప్పుడు మాత్రం ముందు ఆఫ్ చేసి, డిస్క్ మొత్తం డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగాలి.

మూడోది డిస్క్ ఆరోగ్యం. కొత్త ఎస్‌ఎస్‌డీకి ఇది అవసరం లేదు. నాలుగైదేళ్ల హార్డ్ డిస్క్ అయితే 'క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో' అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చూడండి. 'గుడ్' అని నీలంలో ఉంటే పర్వాలేదు. 'కాషన్' అని పసుపు కనిపిస్తే పార్టిషన్ ఆలోచన పక్కన పెట్టి ముందు డేటా కాపీ చేసుకోండి. సీని తగ్గించేటప్పుడు చివర్లో ఉన్న ఫైళ్లను ముందుకు జరపాల్సి వస్తుంది, పాడవుతున్న డిస్క్‌కు అదే ఆఖరి పని కావచ్చు.

సీని తగ్గించడం

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే జాబితాలో 'డిస్క్ మేనేజ్‌మెంట్' ఉంటుంది. తెరిస్తే కింది సగంలో 'డిస్క్ 0' అని ఒక అడ్డ పట్టీ, అందులో గళ్లు కనిపిస్తాయి. ఎడమ చివర 100 లేదా 260 ఎంబీ ఉండే చిన్న గడి ఈఎఫ్ఐ పార్టిషన్. కంప్యూటర్ విండోస్‌ను వెతుక్కునేది అక్కడే, దాన్ని ముట్టుకోవద్దు. మధ్యలో పెద్దది సీ. కుడి చివర 'రికవరీ పార్టిషన్' అని ఒకటో రెండో ఉంటాయి, వాటినీ ముట్టుకోవద్దు. అవి వృథాగా ఉన్నాయనుకుని తీసేసినవాళ్లు, విండోస్ పాడైన రోజు రిపేరు తెర రాక ఇబ్బంది పడతారు.

పెన్‌డ్రైవ్, బయటి డిస్క్ పెట్టి ఉంటే 'డిస్క్ 1', 'డిస్క్ 2' అని కింద కనిపిస్తాయి. పని అయ్యేదాకా వాటిని పీకేయండి. ఒకటి అనుకుని ఇంకోదాన్ని ఫార్మాట్ చేయడం చాలా తేలిక.

సీ గడి మీద రైట్ క్లిక్ చేసి 'ష్రింక్ వాల్యూమ్' నొక్కండి. కాసేపు లెక్కేసుకుని ఒక చిన్న కిటికీ తెరుస్తుంది. అందులో నాలుగు వరసలుంటాయి. మొదటిది ఇప్పుడు సీ మొత్తం ఎంతో, రెండోది ఎక్కువలో ఎక్కువ ఎంత తగ్గించవచ్చో చెబుతుంది. మనం అంకె వేయాల్సింది మూడో వరసలో ఒక్కచోటే. నాలుగోది తగ్గించాక సీ ఎంత మిగులుతుందో చూపిస్తుంది.

తప్పు జరిగేది ఆ మూడో వరసలోనే. సీకి 175 జీబీ ఉంచుకోవాలనుకున్నవాళ్లు అక్కడ 175 జీబీ లెక్క వేసేస్తారు. అది సీకి మిగలాల్సిన సైజు కాదు, సీ నుంచి కోసేయాల్సిన సైజు, అంటే మీ డీ డ్రైవ్ సైజు. పైగా లెక్క ఎంబీల్లో ఉంటుంది, జీబీని 1024తో హెచ్చించాలి. 100 జీబీకి 102400, 200 జీబీకి 204800, 300 జీబీకి 307200. అంకె వేశాక నాలుగో వరస చూడండి. సీకి అనుకున్న సైజు అక్కడ కనిపిస్తేనే 'ష్రింక్' నొక్కండి. డీ కచ్చితంగా 300 అని కనిపించాలన్న పట్టింపు ఉంటే ఓ పది ఎంబీ కలిపి 307210 వేయండి. సరిగ్గా 307200 వేస్తే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ 299 అని చూపిస్తుంది. డ్రైవ్‌లో ఫైళ్లను సర్దే ఎన్‌టీఎఫ్ఎస్ అనే పద్ధతి కొద్దిపాటి చోటు తనకు తీసుకుంటుంది, ఎక్స్‌ప్లోరర్ మిగిలిన దశాంశాన్ని కోసేస్తుంది. వాడుకకు తేడా ఏమీ లేదు.

ఎస్‌ఎస్‌డీలో కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. హార్డ్ డిస్క్‌లో అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. కిటికీ మీద 'నాట్ రెస్పాండింగ్' అని వస్తే కంగారుపడి మూసేయకండి, పవర్ బటన్ అసలే నొక్కకండి. డిస్క్ లైటు మిణుకుమంటున్నంతసేపూ పని జరుగుతున్నట్టే.

300 జీబీ ఖాళీగా ఉన్నా 40 జీబీకి మించి తగ్గించనివ్వకపోతే

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. సీలో 300 జీబీ ఖాళీ ఉంటుంది, రెండో వరసలో మాత్రం 40 జీబీయో 60 జీబీయో చూపిస్తుంది. విండోస్ సీ డ్రైవ్‌ను కుడి చివర నుంచి ఎడమకు కుదిస్తుంది. దారిలో జరపడానికి వీల్లేని ఫైలు ఒక్కటి తగిలినా అక్కడే ఆగిపోతుంది, దానికి ఎడమవైపు ఎంత ఖాళీ ఉన్నా లెక్కలోకి రాదు. విండోస్ నడుస్తుండగా జరపలేని ఫైళ్లు ముఖ్యంగా మూడు రకాలు. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైల్ ఒకటి. కంప్యూటర్ ఆపేటప్పుడు తెరిచి ఉన్న పనిని దాచుకునే హైబర్నేషన్ ఫైల్ రెండోది, ఇది మామూలుగా ర్యామ్‌లో 40 శాతం దాకా ఉంటుంది. విండోస్‌ను పాత స్థితికి తిప్పడానికి దాచి ఉంచే సిస్టమ్ రిస్టోర్ పాయింట్లు మూడోది. మూడింటినీ తాత్కాలికంగా తీసేసి, పని అయ్యాక మళ్లీ పెట్టుకోవచ్చు.

హైబర్నేషన్‌తో మొదలుపెట్టండి. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి 'టెర్మినల్ అడ్మిన్' తెరవండి. పవర్‌సీఎఫ్‌జీ అనే మాట (ఇంగ్లిష్‌లో పవర్, దాని వెంటే సీ, ఎఫ్, జీ అక్షరాలు) విడదీయకుండా టైప్ చేసి, ఒక స్పేస్, తర్వాత ముందుకు వాలిన స్లాష్‌తో హెచ్, మళ్లీ ఒక స్పేస్, ఆఫ్ అని రాసి ఎంటర్ నొక్కండి. ఏ సందేశమూ రాకపోతే పని అయినట్టే.

తర్వాత రిస్టోర్ పాయింట్లు. స్టార్ట్‌లో 'క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్' అని వెతికి తెరవండి. సీని ఎంచుకుని 'కాన్ఫిగర్' నొక్కి, 'డిజేబుల్ సిస్టమ్ ప్రొటెక్షన్' పెట్టి, అదే కిటికీలో ఉన్న 'డిలీట్' కూడా నొక్కండి. పాత పాయింట్లు పోతాయి, మీ ఫైళ్లకు ఏమీ కాదు.

పేజ్ ఫైల్ కోసం అదే 'సిస్టమ్ ప్రాపర్టీస్' కిటికీలో 'అడ్వాన్స్‌డ్' ట్యాబ్‌కు వెళ్లి, 'పెర్ఫార్మెన్స్' కింద 'సెట్టింగ్స్', మళ్లీ 'అడ్వాన్స్‌డ్', ఆ తర్వాత 'వర్చువల్ మెమరీ' దగ్గర 'చేంజ్' నొక్కాలి. పైన 'ఆటోమేటిక్' అని ఉన్న టిక్కు తీసి, సీని ఎంచుకుని, 'నో పేజింగ్ ఫైల్' పెట్టి, 'సెట్' బటన్ నొక్కండి. ఈ 'సెట్' మరిచిపోయి నేరుగా ఓకే నొక్కితే మార్పు పడదు, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ఇంకే ప్రోగ్రామూ తెరవకుండా నేరుగా డిస్క్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి మళ్లీ ష్రింక్ చేయండి. చాలా సందర్భాల్లో రెండో వరసలో అంకె బాగా పెరుగుతుంది.

అప్పటికీ పెరగకపోతే అడ్డం పడ్డ ఫైలేదో విండోసే చెబుతుంది. 'ఈవెంట్ వ్యూయర్' తెరిచి, 'విండోస్ లాగ్స్' లోపల 'అప్లికేషన్'లో 259 నంబరు ఉన్న ఎంట్రీ వెతకండి. కదల్చలేని చివరి ఫైలు పేరు అందులో ఉంటుంది. అది యాంటీవైరస్‌దో, ఏదైనా ప్రోగ్రామ్ డేటాదో అయితే ఆ ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ ప్రయత్నించొచ్చు. డాలర్ గుర్తుతో మొదలయ్యే ఎంఎఫ్‌టీ పేరు కనిపిస్తే అది డ్రైవ్‌లో ఉన్న ఫైళ్లన్నిటి చిట్టా, నడుస్తున్న విండోస్ దాన్ని జరపలేదు. అప్పుడు పార్టిషన్ టూల్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అంటే విండోస్‌కు బదులు దానితోనే కంప్యూటర్‌ను మొదలుపెట్టి పని చేయాలి, లేదా దొరికినంతతో సరిపెట్టుకోవాలి. అంత పట్టుబట్టాల్సిన అవసరం లేకపోతే 120 జీబీయే దొరికినా దాంతోనే డీ చేసుకోమని సలహా. ఆ మేరకు మీ ముఖ్యమైన ఫైళ్లు పట్టేస్తాయి.

ష్రింక్ మొదలవకుండానే 'వాల్యూమ్ పాడై ఉండొచ్చు' అన్న సందేశం వస్తే సీ డ్రైవ్ ప్రాపర్టీస్‌లో 'టూల్స్' ట్యాబ్ తెరిచి 'చెక్' నొక్కండి. తప్పులు సరిచేశాక మళ్లీ చేయొచ్చు.

ఖాళీ చోటును డీ డ్రైవ్ చేయడం

ష్రింక్ అయ్యాక సీ పక్కన నల్ల పట్టీతో 'అన్‌అలొకేటెడ్' అని ఒక గడి వస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి 'న్యూ సింపుల్ వాల్యూమ్' నొక్కండి. విజార్డ్‌లో మొదటి తెర దాటండి. రెండోదాంట్లో సైజు మొత్తం ముందే వేసి ఉంటుంది, అలాగే వదిలేయండి. మూడోదాంట్లో డ్రైవ్ అక్షరం. పెన్‌డ్రైవో, పాత డీవీడీ డ్రైవో డీ అక్షరం పట్టుకుని ఉంటే విండోస్ ఈ అని ఇస్తుంది. డీనే కావాలంటే ముందు దాని అక్షరం మార్చుకోవాలి. సీ అక్షరం మాత్రం ఎప్పుడూ మార్చే ప్రయత్నం చేయొద్దు.

నాలుగో తెరలో ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్, అలొకేషన్ యూనిట్ 'డిఫాల్ట్', 'పెర్ఫార్మ్ ఎ క్విక్ ఫార్మాట్' దగ్గర టిక్కు. ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లకు బాగుంటుంది కానీ లోపలి డిస్క్‌కు వద్దు, కరెంటు పోయినప్పుడు తట్టుకునే లాగ్ దానికి లేదు. 'వాల్యూమ్ లేబుల్' దగ్గర 'న్యూ వాల్యూమ్' అని ఉన్నది కొట్టేసి గుర్తుండే పేరు పెట్టండి. 32 క్యారెక్టర్ల దాకా పడుతుంది, తెలుగులోనూ రాయొచ్చు. అయినా ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టుకోండి. తెలుగు ఫాంట్ లేని రిపేరు టూల్స్‌లో తెలుగు పేరు ఉత్త గడులుగా కనిపించవచ్చు. ఈ పేరు ఎందుకు అంత ముఖ్యమో కింద తెలుస్తుంది.

'ఫినిష్' నొక్కిన వెంటనే 'ఈ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలి' అంటూ ఇంకో చిన్న కిటికీ రావచ్చు. అప్పటికే ఫార్మాట్ జరుగుతూ ఉంటుంది, అది పూర్తయ్యేలోపే ఎక్స్‌ప్లోరర్ తొందరపడి అడుగుతుంది. 'క్యాన్సిల్' చేసి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'హెల్దీ' అని వచ్చేదాకా ఆగండి.

పేజ్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు, హైబర్నేషన్ తీసేసి ఉంటే ఇప్పుడు వెనక్కి పెట్టేయండి. పేజ్ ఫైల్ లేకుండా 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ ట్యాబ్‌లు పది తెరిస్తే ప్రోగ్రామ్‌లు వాటంతటవే మూతపడొచ్చు. హైబర్నేషన్ కోసం అదే కమాండ్‌లో ఆఫ్‌కు బదులు ఆన్.

డీ ఉంటే చాలదు, ఫైళ్లు అందులోకి వెళ్లాలి

డీ డ్రైవ్ చేసి, డెస్క్‌టాప్ మీదే అన్నీ పడేసేవాళ్లు చాలామంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఇవన్నీ సీలోనే ఉంటాయి. వాటిని శాశ్వతంగా డీకి మార్చేయొచ్చు. ముందు డీలో ఒక్కోదానికి ఒక ఫోల్డర్ చేయండి. తర్వాత డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్, 'ప్రాపర్టీస్', 'లొకేషన్' ట్యాబ్, 'మూవ్', డీలో చేసిన ఫోల్డర్. పాత ఫైళ్లు కూడా జరపాలా అని అడిగితే 'యెస్'. ఫోల్డర్ చేయకుండా నేరుగా డీనే చూపిస్తే డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్‌గా మారిపోతుంది, వెనక్కి తేవడం చిరాకు. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఈ ఫోల్డర్లు దాని అదుపులో ఉంటాయి, ముందు వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఆ బ్యాకప్ ఆపాలి.

'యాప్‌డేటా', 'ప్రోగ్రామ్ ఫైల్స్' మాత్రం జరపొద్దు. సాఫ్ట్‌వేర్‌ను డీలో ఇన్‌స్టాల్ చేసినా విండోస్ మళ్లీ వేశాక అది నడవదు, విండోస్ రిజిస్ట్రీ అనే చిట్టాలో ఉండే దాని వివరాలు సీతోపాటు పోతాయి. స్టీమ్ గేమ్స్ లాంటివి దీనికి మినహాయింపు. వాటి లైబ్రరీ డీలో ఉంటే, మళ్లీ 80 జీబీ డౌన్‌లోడ్ చేయకుండా ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు.

షాపుల్లో టాలీ వాడేవాళ్లు కంపెనీ డేటా ఏ పాత్‌లో ఉందో ఒకసారి చూసుకోండి. మార్చకపోతే అది సీలోనే ఉంటుంది. డీటీపీ చేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పేజీలు, పెళ్లి పత్రికలు డీలో భద్రంగానే ఉంటాయి, కానీ యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు సీలోని విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఫార్మాట్ కొట్టాక ఫైల్ తెరిస్తే తెలుగు అక్షరాల చోట అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైల్ పాడవలేదు, ఫాంట్ లేదంతే. ఫాంట్ల ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌గా డీలో కాపీ పెట్టుకుంటే ఐదు నిమిషాల్లో సర్దుకుంటుంది.

విండోస్ మళ్లీ వేసే రోజు

డీ డ్రైవ్ చేసుకున్న ఫలితం దక్కేదీ, చెయ్యి జారితే మొత్తం పోయేదీ ఆ రోజే. పెన్‌డ్రైవ్‌తో బూట్ అయినప్పుడు 'విండోస్ ఎక్కడ వేయాలి' అని అడిగే తెరలో సీ, డీ అన్న అక్షరాలు ఉండవు. 'డిస్క్ 0 పార్టిషన్ 3', 'డిస్క్ 0 పార్టిషన్ 4' అని ఉంటాయి, పక్కన లేబుల్, సైజు. డీకి పేరు పెట్టమన్నది ఇందుకే. సీ, డీ సైజులు కూడా ఒకేలా కాకుండా బాగా తేడా ఉండేలా చేసుకుంటే గుర్తుపట్టడం ఇంకా తేలిక. సీ సైజున్న పార్టిషన్‌ను మాత్రమే ఎంచుకుని 'ఫార్మాట్' చేసి 'నెక్స్ట్' నొక్కండి. జాబితాలో అన్నీ డిలీట్ చేసి కొత్తగా మొదలుపెట్టే అలవాటు కొన్ని షాపుల్లో ఉంది. ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడే 'డీలో డేటా ఉంది, సీ ఒక్కటే ఫార్మాట్ చేయండి' అని చెప్పి, వీలైతే రశీదు మీద రాయించండి.

ఆ తెరలో డిస్కే కనిపించకపోతే అది పాడైందనుకోకండి. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్ డ్రైవర్ విడిగా చూపించాలి. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ తెచ్చి పెన్‌డ్రైవ్‌లో విప్పి పెట్టుకుని, 'లోడ్ డ్రైవర్' నొక్కితే డిస్క్ వస్తుంది.

సెట్టింగ్స్‌లోని 'రీసెట్ దిస్ పీసీ' వాడితే, 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకున్నాక 'చేంజ్ సెట్టింగ్స్' తెరిచి, అన్ని డ్రైవ్‌ల ఫైళ్లూ తీసేయాలా అన్నదానికి 'నో' ఉందో లేదో చూడండి.

పాత కంప్యూటర్లు

విండోస్ 7 కాలం నాటి డిస్క్‌లు చాలావరకు ఎంబీఆర్ అనే పద్ధతిలో ఉంటాయి, పార్టిషన్ల వివరాలు డిస్క్ మీద రాసుకునే పాత పద్ధతి అది. వాటిలో ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించవు, 2 టీబీ దాటిన చోటు వాడుకోలేం. ఇప్పటి పద్ధతైన జీపీటీలో విండోస్ 128 దాకా చేయనిస్తుంది. మీది ఏదో తెలియాలంటే డిస్క్ 0 అన్న మాట మీద రైట్ క్లిక్, 'ప్రాపర్టీస్', 'వాల్యూమ్స్'లో 'పార్టిషన్ స్టైల్'. ఎంబీఆర్‌లో నాలుగు నిండాక ఐదోది చేయబోతే 'ఈ డిస్క్‌ను డైనమిక్‌గా మారుస్తాం' అని హెచ్చరిక వస్తుంది. 'నో' నొక్కి బయటకు రండి. డైనమిక్ నుంచి మామూలు డిస్క్‌కు రావాలంటే విండోస్ సొంత టూల్‌లో ఉన్న పార్టిషన్లన్నీ తుడిచేయడం ఒక్కటే దారి.

డీ వద్దనుకుంటే, సీ చాలకపోతే

'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' సీకి కుడిపక్కన అంటుకుని ఉన్న ఖాళీ చోటునే తీసుకుంటుంది. డీని తగ్గిస్తే ఖాళీ డీకి కుడివైపు వస్తుంది, సీకి అది అందదు, అందుకే ఆ బటన్ మసకగా ఉంటుంది. విండోస్ టూల్‌తో అయితే డీలోని ఫైళ్లు బయటి డిస్క్‌లోకి మార్చి, డీని డిలీట్ చేసి, సీని కావలసినంత పెంచి, మిగిలినదాంట్లో మళ్లీ డీ చేసుకోవాలి. డీ డిలీట్ చేశాక కూడా మసకగానే ఉంటే సీకి, ఖాళీకి మధ్య రికవరీ పార్టిషన్ కూర్చుని ఉంటుంది. దాన్ని జరపడానికి జీపార్టెడ్ లాంటి బూట్ అయ్యే టూల్ కావాలి.

పొరపాటున డీనే డిలీట్ చేసేస్తే

ఏమీ చేయకండి. ఆ చోట కొత్త వాల్యూమ్ చేయొద్దు, 'ఫార్మాట్ చేయాలా' అంటే ఒప్పుకోవద్దు, 'ఇనిషియలైజ్ డిస్క్' అని అడిగినా క్యాన్సిల్ చేయండి. పార్టిషన్ డిలీట్ చేయడం అంటే సరిహద్దు రాసి ఉన్న చీటీ చింపేయడమే, లోపలి ఫైళ్లు వెంటనే చెరిగిపోవు. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత టూల్ పోయిన పార్టిషన్‌ను వెతికి, సరిహద్దును తిరిగి రాయగలదు. దాని నుంచి నేరుగా ఫైళ్లు తీసుకోవడమూ కుదురుతుంది. హార్డ్ డిస్క్‌లో ఆశ ఎక్కువ. ఎస్‌ఎస్‌డీలో ఫార్మాట్ కూడా అయిపోయి ఉంటే ట్రిమ్ అనే ఏర్పాటు పాత డేటాను తుడిచేస్తుంది, అప్పుడు దొరకడం కష్టం. కంప్యూటర్‌ను మామూలుగా వాడటం ఆపి, వీలైతే ఆ డిస్క్‌ను విప్పి ఇంకో కంప్యూటర్‌కు తగిలించి వెతకండి. దొరికిన ఫైళ్లను ఎప్పుడూ వేరే డిస్క్‌లోకే కాపీ చేయాలి. అదే డిస్క్‌లోకి రాస్తే ఇంకా దొరకాల్సిన వాటి మీద పడుతుంది.